తగ్గిందనుకున్న మీథేన్

ఢిల్లీ బ్యూరోలో చేరే ప్రతివాడికీ పార్లమెంటు కావాలి. నాకూ కావాలనే ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా బ్యూరో చీఫ్ బీట్లు పంచినప్పుడు పార్లమెంటు ఒకరికి, పార్టీలు ఇంకొకరికి, కోర్టులు మరొకరికి పోయి, అడుగున ‘సైన్సు, వాతావరణం, ఇతరములు’ అని మిగిలింది. అది నాకు దక్కింది.

“ఇతరములంటే ఏమిటండీ?” అని అడిగాను.

“ఎవరికీ అక్కర్లేనివి. ఆలస్యంగా ఇచ్చినా ఎవరూ తిట్టరు. హాయిగా ఉండవయ్యా” అన్నాడాయన.

నిజంగానే హాయిగా ఉన్నాను. మంత్రుల ఇళ్ల ముందు ఎండలో నిలబడే పని లేదు. గుమ్మం దగ్గర ఆపే సెక్యూరిటీ వాళ్లు లేరు. నేను వెళ్లే ఆఫీసుల్లో విలేకరి వచ్చాడంటే కుర్చీ దుమ్ము దులిపి మరీ వేసేవాళ్లు. వాళ్ల దగ్గరికి వెళ్లే విలేకరులు అంత తక్కువ.

ఇప్పుడు ఆ బీటుకి గిరాకీ పెరిగింది. కొత్తగా చేరిన పిల్లలు ఢిల్లీ మునిర్కాలో మా ఇంటికి వచ్చి, ఎలా రాయాలి, ఎవర్ని కలవాలి అని అడుగుతుంటారు. టీ తాగుతూ చెప్పే మాటలు మెట్లు దిగేలోపు మరిచిపోతారు కాబట్టి రాసి పెడుతున్నాను. నాకు ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో చెప్పను. అవి నాకే సరిగా గుర్తులేవు.

నాలుగు వాయువులు

ముందు సరుకు గురించి తెలుసుకోవాలి. కూరగాయల మార్కెట్ గురించి రాసేవాడికి వంకాయకీ బెండకాయకీ తేడా తెలియాలి కదా.

ఒక దేశం గాలిలోకి వదిలే వేడి వాయువులకు జాబితా ఒకటి ఉంటుంది. పుస్తకాల్లో హరితగృహ వాయువులు అంటారు. నేను ఆ మాట వీలైనంత వరకు రాయలేదు. అది చదివితే చుట్టూ పూలకుండీలున్న ఇల్లు గుర్తొస్తుంది తప్ప, వేడి గుర్తురాదు. ‘భూమిని వేడెక్కించే వాయువులు’ అని రాసేవాణ్ణి. ఒక మాట ఎక్కువైనా అర్థమవుతుంది.

వాటిలో పెద్దది బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాలిస్తే వస్తుంది. నేను బీటులో ఉన్నన్నాళ్లూ దాని గీత మెట్లెక్కినట్టు పైకే వెళ్లింది. రెండోది మీథేన్. పశువుల కడుపులోంచి, నీళ్లు నిలిచిన వరి మడుల్లోంచి, కుళ్లే చెత్తలోంచి వస్తుంది. దాని గీత పెద్దగా కదలదు. మూడోది నైట్రస్ ఆక్సైడ్. పొలంలో యూరియా పడిన కొద్దీ నెమ్మదిగా పెరుగుతుంది. నాలుగోది నిజానికి ఒకటి కాదు, ఫ్రిజ్‌లలో, కొన్ని ఫ్యాక్టరీలలో వాడే వాయువుల గుంపు. తూకానికి పిడికెడే అయినా ఘాటు ఎక్కువ.

ఈ నాలుగింటినీ ఊరికే కూడితే ఏమీ తేలదు. కిలో మీథేన్ పట్టి ఉంచే వేడి కిలో బొగ్గుపులుసు వాయువు పట్టి ఉంచే వేడికి ఇరవై రెట్లకు పైనే. నైట్రస్ ఆక్సైడ్ అయితే మూడు వందల రెట్లకు దగ్గర. అందుకని ప్రతి వాయువునూ దాని ఘాటుతో గుణించి, ఇంత బొగ్గుపులుసు వాయువుకు ‘సమానం’ అని రాస్తారు. ఆ ‘సమానం’ అనే చిన్న మాట మీదే ఈ బీటు మొత్తం నిలబడి ఉంటుంది. మా పేపర్లో ఎప్పుడూ తెగిపోయేది కూడా అదే.

సుదర్శన్ డెస్కు

హైదరాబాద్ డెస్కులో నా వార్తలు చూసేవాడు సుదర్శన్. వరంగల్ మనిషి. చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. ఒకరోజు దేశంలోని పశువుల నుంచి వచ్చే మీథేన్ గురించి రాసి పంపాను. మర్నాడు చూస్తే ‘సమానమైన’ లేదు. ఆవులు టన్నులకొద్దీ బొగ్గుపులుసు వాయువు వదులుతున్నాయని అచ్చయింది. పక్కన పొగ కక్కుతున్న ఫ్యాక్టరీ గొట్టం బొమ్మ.

ఫోన్ చేశాను.

“అన్నా, జాగ సరిపోలే. ఒక్క మాట తీసేసిన. ఏమైతది?”

“ఆవుకీ ఫ్యాక్టరీకీ తేడా లేకుండా పోయిందయ్యా.”

“ఆవులు ఏం వదుల్తయో జనాలకు మనకంటే మంచిగ ఎరుకే. నువ్వు పరేషాన్ కాకు.”

“మరి ఆ గొట్టం బొమ్మ ఎందుకు?”

“గాలి వార్తకు గొట్టమే పెడుతం. ఆవు బొమ్మ వ్యవసాయం పేజీ వాళ్ల దగ్గరుంటది, వాళ్లు ఇయ్యరు.”

నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. కొత్తవాళ్లకి ఒకటి చెబుతాను. డెస్కుని శత్రువుగా చూడకండి. మీ వార్తలో ముఖ్యమైన మాట ఏదో డెస్కువాడికి ఫోన్‌లో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే, అది మీకే సరిగా తెలియదని అర్థం. ఆ తర్వాత నేను ప్రతి వార్తకీ కాపీ పంపేముందు సుదర్శన్‌కి ఫోన్ చేసి, “ఇందులో ఈ మాట కోస్తే నన్ను కోసినట్టే” అని చెప్పేవాణ్ణి. అతను ఆ మాట వదిలేసి ఇంకేదో కోసేవాడు.

కుసుమ

ఆవుల వార్త వచ్చిన మూడోరోజు సాయంత్రం మా తలుపు తట్టిన అమ్మాయి పేరు కుసుమ. డాక్టర్ కుసుమ అనాలి, కానీ ఎప్పుడూ అననిచ్చేది కాదు. అమలాపురం దగ్గరి ఊరు. ఒక పరిశోధనా సంస్థలో పని. మా వెనక వీధిలోనే పైగది అద్దెకు తీసుకుని ఉంటోంది. చేతిలో మా పేపరు ఉంది.

“మూర్తిగారంటే మీరేనాండి?”

“నేనే.”

“ఆవులు అమాయకమైనవండి. వాటి మీద లేనిపోనివి రాశారు.”

కూర్చోమన్నాను. కూర్చుని పావుగంటలో ‘సమానం’ గురించి నేను చదివిన దానికంటే ఎక్కువ చెప్పింది. మా ఆవిడ ఉప్మా పెడితే, పేపరు మడిచి పక్కన పెట్టింది. దేశం లెక్క తయారుచేసే వాళ్లలో తనూ ఒకతెననీ, వరి పొలాల మీథేన్ తన పననీ చెప్పింది. నేను అంతవరకూ అలాంటి అంకెల్ని ఎవరో ఎక్కడో లెక్కపెట్టి ఉంటారనే అనుకునేవాణ్ణి.

“లెక్కపెట్టరండి. గుణిస్తారు. దేశంలో వరి పొలం ఎంతుందో అంత, ఒక్కో హెక్టారు నుంచి ఎంత మీథేన్ వస్తుందో దాంతో గుణించడమే. ఆ రెండో అంకెని ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట కొలవాలి. మన పొలాల్లో కొలవచ్చు. లేకపోతే పైదేశాల పుస్తకంలోంచి అరువు తెచ్చుకోవచ్చు.”

“అరువు తెస్తే తప్పా?”

“తప్పు కాదండి, చేతిలో ఏమీ లేనప్పుడు. కానీ ఇకనుంచి మీరు ఏ అంకె చూసినా ఒక్కటే అడగండి. కొలిచారా, గుణించారా? గుణిస్తే దేంతో? ఆ ‘దేంతో’ అన్నది ఎక్కడిది?”

నాకు జర్నలిజం నేర్పిన సంపాదకులు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, గౌరవం ఉంది. కానీ పాతికేళ్లు వాడుకున్న ప్రశ్న మాత్రం ఉప్మా తింటూ ఆ అమ్మాయి చెప్పిందే.

ఘాజియాబాద్ దాటాక

కొలవడమంటే ఏమిటో చూస్తానన్నాను. ఆగస్టులో ఒక ఉదయం వాళ్ల సంస్థ వ్యాన్‌లో యమున దాటి, ఘాజియాబాద్ దాటి, ఫ్యాక్టరీలు అయిపోయి పొలాలు మొదలయ్యే చోటికి వెళ్లాం. ఒక రైతు తన మడిలో కొంత వీళ్లకి ఇచ్చాడు. అందరూ తావూజీ, అంటే పెదనాన్న, అని పిలిచే పెద్దాయన, తెల్లటి మీసాలు.

కుసుమ చీర కుచ్చిళ్లు ఎగదోపి బురదలో దిగింది. చేతిలో అడుగులేని ప్లాస్టిక్ పెట్టె, అద్దంలా లోపలంతా కనిపించేది. వరి కుదుళ్ల మీద దాన్ని బోర్లించింది. నీళ్లు నిలిచి గాలాడని బురదలో మీథేన్ పుట్టి, వరి కాడల లోపలినుంచే పైకి వస్తుందట. పెట్టెలో చేరిన ఆ గాలిని, పైన ఉన్న రబ్బరు బిరడాలోంచి సిరంజితో లాగింది. కాసేపాగి మళ్లీ లాగింది. ఆ సిరంజిలు ల్యాబుకి వెళితే ఎంత మీథేనో తేలుతుంది.

గట్టు మీద కూర్చున్న తావూజీ నన్ను చూసి కన్ను గీటాడు. “డాక్టర్నీజీ, నా వరికి ఇంకా రోగం నయం కాలేదా? రెండేళ్లుగా సూదులు పొడుస్తున్నారు.”

“రోగం లేదు తావూజీ, ఊపిరి చూస్తున్నాం” అంది కుసుమ, కోనసీమ యాస కలిసిన హిందీలో.

“అయితే ఆ పెట్టె నా తమ్ముడి మీద కూడా బోర్లించండి. రాత్రంతా గురక. ఎంత గాలి వదుల్తున్నాడో తేలిపోతుంది.”

“అంత పెద్ద పెట్టె గవర్నమెంటు ఇవ్వదు తావూజీ.”

తిరిగి వస్తుంటే చెప్పింది. తావూజీ పొలానికి కాలవ నీళ్లు వంతులవారీగా వస్తాయి. మధ్యలో మడి ఎండుతుంది, గాలి తగులుతుంది, మీథేన్ పడిపోతుంది. అరువు అంకె ఎప్పుడూ నీళ్లు నిలిచే పొలాలది. దాంతో గుణిస్తే మన వరి లేని నేరానికి దోషి అవుతుంది.

“మీ ఊళ్లో కొలిచినప్పుడు కూడా తక్కువే వచ్చిందా?” అని అడిగాను.

“లేదండి. మాది డెల్టా కదా, ఎప్పుడూ నీళ్లే. ఎక్కువే వచ్చింది. మా నాన్నగారు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.”

అంకెల్ని ఇలా చెప్పేవాళ్లు దొరికితే వదలకండి. తమ ఊరికి కూడా తగ్గించి చెప్పని మనిషి మాట రాసుకోవచ్చు.

భాటియా గారి శుభవార్త

దేశం లెక్కలన్నీ ఒకచోట కూర్చే ఆఫీసుకి అప్పుడు డైరెక్టరు భాటియా. భారీ మనిషి, మంచివాడు, గొప్పలు చెప్పుకోవడం సరదా. ఒక బుధవారం ఫోన్ చేసి రమ్మన్నాడు. గదిలోకి అడుగు పెట్టగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“మూర్తీజీ, ఏమైనా తేడా కనిపిస్తోందా?”

చూశాను. చొక్కా బొత్తాలు ఎప్పటిలాగే కష్టపడుతున్నాయి.

“ఆరు కిలోలు తగ్గాను. బరువు చూసే కొత్త మిషన్ కొన్నాను, డిజిటల్. రోజూ పొద్దున్నే ఎక్కుతున్నాను.”

“ఎక్కితేనే తగ్గిపోతారా సర్?”

“అచ్ఛా, ఏడిపించకండి. టీ తాగండి.” తనకి చక్కెర లేని టీ చెప్పి, దానికి తోడుగా రెండు సమోసాలు తెప్పించుకున్నాడు.

తర్వాత ఒక పత్రికా ప్రకటన ముసాయిదా నా ముందుకు తోశాడు. పాత నివేదిక తర్వాత ఇన్నాళ్లకు కొత్త నివేదిక వస్తోంది. వచ్చే మంగళవారం విడుదల. ఒక్కో వాయువుకి ఒక్కో గీత, పాత నివేదిక లెక్కించిన ఏడాది నుంచి కొత్త నివేదిక ఏడాదికి. బొగ్గుపులుసు వాయువు పైకి. నైట్రస్ ఆక్సైడ్ కొంచెం పైకి. మీథేన్ మాత్రం జారుడుబల్ల మీద పిల్లాడిలా కిందికి.

“చూశారా? వరి పొలాల్లో మీథేన్ సగానికి సగం పోయింది. నెలాఖరుకి విదేశాల్లో మీటింగు ఉంది, ఈ గీత పట్టుకుని వెళుతున్నాను. మీ తెలుగువాళ్లు వరి పండిస్తారు కదా, అందుకని అందరికంటే ముందు మీకే.”

సంతోషంగానే చూశాను. కానీ పశువుల మీథేన్ అలాగే ఉంది, చెత్తది అలాగే ఉంది. వరి ఒక్కటే పడిపోయింది. దేశంలో వరి విస్తీర్ణం సగమైతే ఆ వార్త ఎప్పుడో వచ్చి ఉండేది.

“ఇది కొలిచిందా సర్, గుణించిందా?”

“ఆ వివరాలు కుసుమకి తెలుసు. నాకు తెలిసింది ఒకటే, గీత కిందికి పోతోంది.”

బయటికి రాగానే సుదర్శన్‌కి చెప్పాను, ఇలాంటిది ఒకటి చేతిలో ఉందని. అది నా పొరపాటు కాదు కానీ తొందరపాటు. అతను ఫోన్‌లోనే హెడ్డింగ్ పెట్టేశాడు. “‘భూమిని చల్లార్చిన రైతన్న.’ ఎట్లున్నది? పస్టు పేజీల మీదికెల్లి కిందిదాక. గొట్టం బొమ్మ కూడా వద్దన్నా, రైతు బొమ్మ నేనే గుంజుకస్త.”

మునిర్కా పైగదిలో

ఆ సాయంత్రం కుసుమ గదికి వెళ్లాను. ప్రకటన ఇచ్చాను. నిలబడే చదివింది. తర్వాత మంచం అంచున కూర్చుంది.

“కొత్త ఏడాదికి మా కొలతలు వేశారండి. పాత ఏడాదికి పాత రిపోర్టులో ఉన్న అంకెనే ఎత్తి పెట్టారు. అది అరువు లెక్క.”

“అంటే?”

“అంటే పొలంలో ఏమీ తగ్గలేదు. తావూజీ అదే మడి, అదే కాలవ. రెండు చివర్లకీ రెండు వేరే కొలబద్దలు పెట్టి, మధ్యలో గీత గీశారు.”

“భాటియా గారికి తెలియదా?”

“రెండుసార్లు చెప్పానండి, పాత ఏడాదిని కూడా కొత్త కొలతతో మళ్లీ లెక్కకట్టాలని. ఒకసారి దేశం పేరు మీద ఇచ్చిన అంకె మార్చితే పరువు పోతుందన్నారు.”

కుసుమ ప్రకటన మడిచి నా చేతికిచ్చింది. కింద వీధిలో కూరగాయల బండివాడి కేక వినిపిస్తోంది.

“ఆ మీటింగులో కూర్చునేవాళ్లు చిన్నవాళ్లు కాదండి. ఎవరో ఒకరు పట్టుకుంటారు. లెక్క మార్చి తగ్గించుకున్నారంటారు. అప్పుడు మొదట పోయేది ఎవరి లెక్క? నాది. నాలుగేళ్లు బురదలో దిగి తెచ్చిన నిజమండి అది. దాన్ని తీసుకెళ్లి అబద్ధం పక్కన నిలబెట్టారు. వచ్చే నెల కమిటీ కూర్చుంటుంది, కొలతలు కొనసాగించాలా ఆపేయాలా అని. ఇంత గొడవైతే డబ్బు ఎవరు ఇస్తారు?”

ఇదీ సంగతి. ఆ గీత అలాగే బయటికి వెళితే భాటియాకి ఒక మీటింగు బాగుంటుంది, నాకు ఒక మొదటి పేజీ దొరుకుతుంది. ఆ అమ్మాయి పని మాత్రం పోతుంది.

“నేను చెప్పానని రాయకండి” అంది. వెంటనే, “లేదు, రాయండి. పోతే పోతుంది” అంది. మళ్లీ, “వద్దులెండి” అంది.

రాయనక్కర్లేదన్నాను. పాత నివేదిక అందరికీ దొరికేదే. వరికి వాడిన అంకె ఎక్కడిదో దాని చివర్లో చెప్పే ఉంది. పిల్లలకి చెప్పేదేమంటే, ఒక మనిషి చెప్పిన నిజం బయట ఎక్కడైనా ఉందేమో ముందు వెతకండి. ఉంటే ఆ మనిషిని ముందు నిలబెట్టే అవసరం రాదు.

సుదర్శన్ మాత్రం ఊరుకోలేదు.

“ఏందన్నా, చల్లారిందన్నవు, ఇప్పుడు చల్లారలేదంటవు?”

“చల్లారినట్టు కనిపిస్తోంది అంతేనయ్యా. అడగాల్సిన వాళ్లని అడిగి రాస్తాను.”

“రైతు బొమ్మ కోసం కొట్లాడిన నేను. వ్యవసాయం పేజాయన నాతోని మాట్లాడుతలేడు.”

“బొమ్మ తిరిగిచ్చెయ్యి.”

“ఇయ్య. నువ్వు తొందరగ తేల్చు.”

ఆ గదిలో మళ్లీ

ఎవరి గురించి రాస్తున్నామో వాళ్లని అడగకుండా రాయకూడదు. ఈ నియమం గోడకి రాసుకునేది కాదు, కాళ్లతో పాటించేది. గురువారం మళ్లీ భాటియా దగ్గరికి వెళ్లాను. నా ప్రశ్న విని ఆయన కుసుమని కూడా పిలిపించాడు. ముఖం ఎర్రబడింది.

“మీరు వార్త రాయడానికి వచ్చారా, మా లెక్క దిద్దడానికి వచ్చారా?”

“వార్త రాయడానికే సర్. మీథేన్ తగ్గిందంటున్నారని రాస్తాను. రెండు ఏళ్లకీ రెండు కొలతలు వేశారని రాస్తాను. దానికి మీరేమంటారో అది కూడా రాస్తాను. చెప్పండి.”

“ఇచ్చిన అంకె ఇచ్చిందే. దేశాలు మాట మార్చవు.”

తల ఎత్తకుండా కూర్చున్న కుసుమ మెల్లగా అడిగింది. “సర్, మీరు ఆరు కిలోలు తగ్గారని ఆఫీసంతా చెబుతున్నారు. పాత మిషన్ మీద కూడా చూసుకున్నారాండి?”

ఆయన బల్ల మీది పళ్లెంలోంచి సమోసా ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. ఫ్యాను తిరుగుతోంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను, నవ్వు కనిపించకుండా.

“పాతది అటక మీద పడేశాం” అన్నాడు చివరికి. “ఠీక్ హై. ఇద్దరూ వెళ్లండి.”

వరండాలో కుసుమ గోడకి ఆనుకుంది. “నా ఉద్యోగం అయిపోయిందాండి?”

“ఇంకా లేదు. కోపం వచ్చినవాడు సమోసాలు పక్కకి నెడతాడు. ఆయన ఒకటి చేత్తో పట్టుకునే ఉన్నాడు.”

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది.

“మూర్తీజీ, మిషన్ దింపించాను.”

“ఎంత చూపించింది సర్?”

“అది ప్రెస్‌కి చెప్పను.” నవ్వాడు. ఆయన నవ్వుకి ఫోన్ అదిరింది. “రాత్రంతా ఆలోచించాను. మీరడిగింది అక్కడ వంద మంది మధ్యలో అడిగితే నేనేం చెప్పేవాణ్ణి? కుసుమని పాత ఏడాది మళ్లీ లెక్కకట్టమన్నాను. విడుదల ఒక వారం వాయిదా. అందరితో పాటే మీకూ. మీ ఎక్స్‌క్లూజివ్ పోయింది, మాఫ్ కరనా.”

బాసుల గురించి నా అభిప్రాయం అడిగితే ఇదే చెబుతాను. తప్పు చేయని బాసు నాకు తారసపడలేదు. ఇవాళ గదిలోంచి పంపేసి, రేపు పొద్దున్న తనే ఫోన్ చేసేవాడు దొరికితే అదృష్టం. అలాంటివాళ్లు ముగ్గురు దొరికారు నాకు. భాటియా అందులో మొదటివాడు.

విడుదల రోజు

హాలు సగం నిండింది. తెర మీద గీతలు వచ్చాయి. బొగ్గుపులుసు వాయువు మెట్లెక్కుతోంది. నైట్రస్ ఆక్సైడ్ దాని వెనక నెమ్మదిగా. మీథేన్ ఇటు చివర నుంచి అటు చివరకి గట్టు మీద నడిచినట్టు తిన్నగా. నా పక్కన కూర్చున్న హిందీ పేపరు పాండే ఆవులించి, “భయ్యా, టీ ఎప్పుడిస్తారు?” అన్నాడు.

అప్పుడు ఒక విదేశీ వార్తాసంస్థ విలేకరి లేచింది. పాత నివేదిక ఆమె చేతిలోనే ఉంది. అందులో వరి మీథేన్ చాలా ఎక్కువ ఉంది, ఇప్పుడు అదే ఏడాదికి ఇంత తక్కువ చూపిస్తున్నారు, ఎందుకని సూటిగా అడిగింది.

హాలు నిద్ర లేచింది. పాండే కూడా పెన్ను తీశాడు. భాటియా మైకుని కుసుమ వైపు జరిపాడు.

కుసుమ మైకు దగ్గరికి వంగింది. “పొలం మారలేదు. కొలత మారింది. అప్పుడు అరువు అంకె వాడాం, ఇప్పుడు మా పొలాల్లో కొలిచిన అంకె ఉంది. అందుకని రెండు ఏళ్లకీ ఒకే కొలత వేశాం. ఎక్కడెక్కడ, ఎలా కొలిచామో వెనక ఇచ్చాం. పాత అంకె కూడా పక్కనే ఉంచాం, దాచలేదు.”

“అంటే మీ రైతులు మీథేన్ ఏమీ తగ్గించలేదా?”

“ఈ లెక్క ప్రకారం లేదండీ” అంది. కంగారులో ఆ ఇంగ్లీషు వాక్యం చివర ‘అండీ’ కూడా చేరింది.

“అయితే పాత అంకె తప్పని ఒప్పుకుంటున్నారా?”

ఈసారి భాటియా ముందుకి వంగాడు. “అప్పుడు మా దగ్గర కొలత లేదు మేడమ్. ఇప్పుడు ఉంది. చిన్నప్పటి చొక్కా పట్టలేదని ఎవరైనా సిగ్గుపడతారా?”

ఆమె నవ్వి, రాసుకుని, కూర్చుంది. ఇంకెవరూ ఆ ప్రశ్న అడగలేదు. నేను కుసుమ వైపు చూశాను. బల్ల కింద రెండు చేతులూ గట్టిగా పట్టుకుని ఉంది. కాసేపటికి వదిలింది.

సుదర్శన్‌కి వార్త పంపి ఫోన్ చేశాను.

“చల్లార్చలే, వేడి చెయ్యలే. మరి హెడ్డింగ్ ఏం పెట్టాలె అన్నా?”

“నీ ఇష్టం. రెండు ఏళ్లకీ ఒకే కొలత అన్న మాట మాత్రం కొయ్యకు.”

మర్నాడు ఐదో పేజీలో వచ్చింది. ‘బొగ్గు పైకి, వరి అక్కడే.’ నా వార్తలకి అతను పెట్టిన వాటిలో అంత మంచి హెడ్డింగ్ ఇంకోటి లేదు. ఒకే కొలత అన్న మాట కూడా చెక్కుచెదరలేదు.

పెద్ద పేపర్లు చాలావరకు ఆ వార్త వేయలేదు. కొత్తవాళ్లకి ఇది రుచించదని తెలుసు. పడిపోయిన గీత వార్త, ఎగిరిన గీత వార్త, కదలని గీత వార్త కాదు అనుకుంటారు. నా అనుభవంలో కదలని గీతే కష్టపడి నిలబెట్టుకోవాల్సింది. దాన్ని కిందికి లాగేవాళ్లూ పైకి తోసేవాళ్లూ ఎప్పుడూ ఉంటారు.

తర్వాతి నెల కమిటీ కూర్చున్న రోజు సాయంత్రం మా ఆవిడ పెసరట్లు వేస్తోంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు, మాటలు. కుసుమ మా గుమ్మం ముందు నిలబడి సెల్‌ఫోన్‌లో వాళ్లమ్మగారితో మాట్లాడుతోంది. లోపలికి రమ్మని సైగ చేస్తే, ఉండండని చెయ్యి ఊపింది. అవతలి గొంతు కూడా మాకు వినిపిస్తూనే ఉంది.

“ఇచ్చారమ్మా. ఇంకో మూడు పంటలు కొలవమన్నారు. పొగిడారు కూడా.”

“ఏం కనిపెట్టావనే అంత పొగిడారు?”

“మీథేన్ తగ్గలేదనమ్మా.”

“తగ్గకపోతే ఈ సంబరమేమిటే పిచ్చిదానా?”

కుసుమ నవ్వుతూ గుమ్మంలోనే కూలబడింది. కళ్లు తుడుచుకుంది.

“తగ్గలేదంటే నమ్మారమ్మా” అంది.